పిన్నికి చీటీ ఎందుకనుకున్నాను

మా షాపులో పాత బిల్లు పుస్తకాలు పారెయ్యను. అటక మీద కట్టలు కట్టి ఉంటాయి. కిందటేడు ఫిబ్రవరి పుస్తకం ఈ మధ్య దించి చూశాను. అందులో ఉండాల్సిన ఒక అమ్మకం లేదు. క్లిండామైసిన్ 300 అనే యాంటీబయాటిక్, పది క్యాప్సూళ్ళ స్ట్రిప్పు ఒకటి. మా పిన్ని మనవడు సైకిలు దిగకుండానే చెయ్యి చాపితే, షట్టరు వేసే హడావిడిలో ఉండి చేతిలో పెట్టేశాను. డబ్బు తీసుకోలేదు, బిల్లు రాయలేదు, డాక్టరు చీటీ అడగలేదు. పిన్నికి చీటీ ఎందుకనుకున్నాను.

తణుకులో మెడికల్ షాపు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. డీఫార్మసీ చదివాను. షాపుకి లైసెన్సు నా పేరు మీదే ఉంది, కౌంటర్లో కూర్చునేదీ నేనే. వేరేవాళ్ళ ఫార్మసీ సర్టిఫికెట్టు అద్దెకి తెచ్చి నడిపే షాపు కాదు మాది. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. తెలిసినవాడే చేశాడని మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

పిన్నికి అరవై ఆరేళ్ళు. తణుకు పక్కన వేల్పూరులో ఉంటుంది. బాబాయి పోయాక పొలం కౌలుకిచ్చి, కొడుకూ కోడలూ మనవలతో ఉంటోంది. బీపీకి ఒక మాత్ర, పొద్దున్నే పరగడుపున గ్యాస్‌కి పాంటోప్రజోల్ ఒకటి వేసుకుంటుంది. ఈ రెండోది మూడేళ్ళ కిందట పదిహేను రోజులకని ఎవరో డాక్టరు రాస్తే, మళ్ళీ ఆపిన పాపాన పోలేదు. అదీ నేను ఇస్తున్నదే.

ఫిబ్రవరి మొదట్లో దవడ పన్ను పీకించుకుంది. పన్ను డాక్టరు ఏమైనా మందులు పడవా అని అడిగారట. చిన్నప్పుడెప్పుడో పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని మా అమ్మమ్మ చెప్పేది. పిన్ని అదే చెప్పింది. అందుకని పెన్సిలిన్ జాతిదైన అమాక్సిసిల్లిన్ బదులు క్లిండామైసిన్ రాశారు. రోజుకి మూడు, అయిదు రోజులు. ఆ పదిహేనూ చీటీ మీదే ఇచ్చాను, బిల్లు ఉంది. అయిదో రోజుకి చిగురు ఇంకా కొంచెం వాపుగా ఉందని పిన్ని ఫోన్ చేసింది. “అబ్బాయీ, ఇంకో అట్ట పంపించరా, పూర్తిగా తగ్గిపోతుంది” అంది. పన్ను పీకిన చోట వాపు వారం దాకా ఉండటం మామూలే. డాక్టరుకి ఒక్క ఫోన్ చేయించినా ఉప్పునీళ్ళు పుక్కిలించమనేవారేమో. నేను స్ట్రిప్పు పంపించాను.

ఆఖరి క్యాప్సూల్ వేసుకున్న పదో రోజున విరేచనాలు మొదలయ్యాయి.

మొదటి రోజు నాలుగు, రెండో రోజు తొమ్మిది. నీళ్ళలాగా, కడుపులో మెలిపెట్టి. నా దగ్గరికే వచ్చారు, ఇంకెక్కడికి వెళ్తారు. అంతకు ముందు రోజు ఎవరింట్లోనో గృహప్రవేశం భోజనం తిన్నదట. అందరం దాని మీదే పెట్టాం. సిప్రోఫ్లాక్సాసిన్ అయిదు వందలు అనే ఇంకో యాంటీబయాటిక్, మోషన్లు ఆపే లోపెరమైడ్, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు ఇచ్చాను. మా వైపు ఏ మెడికల్ షాపులోనైనా మోషన్లని వస్తే చెయ్యి తనంత తాను వెళ్ళే అరలివి. లోపెరమైడ్ వేశాక ఒక రోజు తగ్గినట్టే అనిపించింది. పొట్ట ఉబ్బిపోయింది. మూడో రోజున జ్వరం తగిలింది, మోషన్లు పన్నెండుకి పోయాయి. కోడలు భయపడి ఊళ్ళోనే ఒక చిన్న ఆస్పత్రిలో సెలైన్ పెట్టించింది. అక్కడ రెండు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే మరో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా చేశారు.

ఈ వరస గుర్తు పెట్టుకోండి. క్లిండామైసిన్, సిప్రో, సెఫ్ట్రియాక్సోన్. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

విజయవాడ తీసుకెళ్ళేసరికి పిన్ని మంచం మీంచి లేవలేకపోతోంది. కళ్ళు లోపలికి పోయాయి. గ్యాస్ట్రో డాక్టరమ్మ ముందు రిపోర్టులు చూశారు. తెల్లకణాలు 21,000. మామూలుగా 11,000 దాటకూడదు. క్రియాటినిన్ 1.8, అంటే ఒంట్లో నీళ్ళు పోయి మూత్రపిండాల మీద పడుతోంది. ఆవిడ ఏం తిన్నారని అడగలేదు. నావైపు తిరిగి, “గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అండీ?” అని అడిగారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మొదటి పదిహేను, తర్వాత పది, ఆ తర్వాత సిప్రో. చెబుతుంటే నాకే అర్థమైపోయింది. నోరెండిపోయింది. క్లిండామైసిన్ దుష్ఫలితం ఏమిటంటే సూడోమెంబ్రేనస్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి లోపల పొరలు కట్టడం అని డీఫార్మసీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ ముక్క నా బుర్రలో ఎప్పటినుంచో ఉంది. కానీ అది పుస్తకంలో జబ్బు, పెద్ద ఆస్పత్రుల్లో ఐసీయూ జబ్బు. వేల్పూరు వీధి అరుగు మీద కూర్చునే మా పిన్నికి, రాత్రి ఒక్కపూట కూడా ఆస్పత్రిలో పడుకోని మనిషికి అది వస్తుందని తట్టలేదు.

మోషన్లు ఎన్నిసార్లయ్యాయని అడిగితే కోడలు ఒక గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. పిన్నికి రాయడం రాదు. వెళ్ళినప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెలో వేసేదట. ఆ రోజువి పధ్నాలుగు గింజలు. డాక్టరమ్మ వాటిని లెక్కపెట్టి కేసు షీటు మీద రాసుకున్నారు. “ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరమ్మా” అన్నారు పిన్నితో.

మలం పరీక్షకి పంపారు. దీన్ని మామూలు కల్చర్ పరీక్షలో పట్టుకోలేరు. ప్రత్యేకంగా దాని విషాన్ని వెతకాలి. మర్నాటి సాయంత్రానికి పాజిటివ్ వచ్చింది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలి అనే సూక్ష్మజీవి. డాక్టర్లు పొట్టిగా సీ డిఫ్ అంటారు.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో దాని గురించి చదివినంత నేను పరీక్షలకి కూడా చదవలేదు. 1935లో హాల్, ఓటూల్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పుడే పుట్టిన పిల్లల మలంలో దీన్ని కనిపెట్టారు. వేరుచేసి పెంచడం కష్టమైందని లాటిన్‌లో ‘కష్టమైనది’ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. పసిపిల్లల పేగుల్లో అది ఉన్నా వాళ్ళకి సాధారణంగా ఏమీ చెయ్యదు. అందుకే నలభై ఏళ్ళకి పైగా దాన్ని ఎవరూ అనుమానించలేదు. 1974లో అమెరికాలో క్లిండామైసిన్ వాడిన 200 మందిని వరసగా గమనిస్తే 42 మందికి విరేచనాలయ్యాయి. వాళ్ళలో 20 మందికి పెద్దపేగు లోపల పసుపుపచ్చని పొరలు కనిపించాయి. అప్పటికి అది మందు దోషమే అనుకున్నారు. 1978లోగానీ ఈ సూక్ష్మజీవి, దాని విషం బయటపడలేదు.

మర్నాడు పిన్ని అడిగింది. “నేను మింగింది పంటికి కదరా, పొట్టకేం పని?” అని.

మందుకి పన్నేదో పొట్టేదో తెలియదని చెప్పాను. మన పెద్దపేగులో కోట్లాది సూక్ష్మజీవులు చేను నిండా వరి ఉన్నట్టు ఉంటాయి. దుబ్బులు దట్టంగా ఉన్నంతకాలం కలుపుకి చోటుండదు. యాంటీబయాటిక్ ఆ చేనుని పలచన చేసేస్తుంది. సీ డిఫ్ మాత్రం గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా పడుకుంటుంది. ఆ దశలో ఏ మందూ దాన్ని ఏమీ చెయ్యలేదు. చుట్టూ ఖాళీ అయ్యాక మొలుస్తుంది. పైగా మంచి సూక్ష్మజీవులు ఉన్నప్పుడు పైత్యరసాన్ని మార్చి, ఈ విత్తనం పెరగకుండా అడ్డుపడతాయి. అవి పోతే ఆ అడ్డూ పోతుంది.

పిన్ని కాసేపు కళ్ళు మూసుకుని, “తుంగ అన్నమాట” అంది. “పైన ఎంత పీకినా కింద గడ్డ ఉంటుంది. చేను ఎండగడితే ముందు లేచేది అదే.”

నలభై ఏళ్ళు ఊడ్పులూ కలుపులూ చూసిన మనిషి. నేను చదివిందంతా ఒక్క మాటలో చెప్పేసింది.

ఇప్పుడు ఆ వరస సంగతి. ఆస్పత్రి బయట ఈ జబ్బు వచ్చినవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన విశ్లేషణలు రెండు 2013లో వచ్చాయి. యాంటీబయాటిక్ వాడనివాళ్ళతో పోలిస్తే క్లిండామైసిన్ వాడినవాళ్ళకి ముప్పు ఒక లెక్కలో 17 రెట్లకి, ఇంకో లెక్కలో 20 రెట్లకి దగ్గరగా ఉంది. జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నది అదే. దాని తర్వాత సిప్రో ఉన్న ఫ్లోరోక్వినొలోన్ల గుంపు, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ ఉన్న సెఫలోస్పోరిన్ల గుంపు. మొదటి లెక్క ప్రకారం ఈ రెండింటికీ అయిదున్నర రెట్ల దగ్గర. పెన్సిలిన్లు, అజిత్రోమైసిన్ జాతి మందులు రెండున్నర, మూడు రెట్ల దగ్గర. డాక్సీసైక్లిన్ ఉన్న టెట్రాసైక్లిన్లకి మాత్రం ముప్పు పెరిగినట్టు కనబడలేదు.

పిన్ని ఒంట్లోకి నెలరోజుల్లో వెళ్ళినవి ఆ జాబితాలో పైనున్న మూడూ. మొదటిదాంట్లో పదీ, రెండోది మొత్తం చీటీ లేకుండా నా చేతి మీదుగా వెళ్ళాయి. పైగా పేగు లోపల విషం తయారవుతుంటే, దాన్ని బయటికి పోనివ్వకుండా లోపెరమైడ్ ఇచ్చి బిగించాను.

ఇక్కడ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. రెట్లు ఎన్నయినా, మందు వాడనివాళ్ళకి ఉండే అసలు ముప్పు చిన్నది. క్లిండామైసిన్ వాడినవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. డాక్టరు చూసి, అవసరమని రాసిన మందు ఇది చదివి ఎవరూ మధ్యలో మానెయ్యకండి. నాకు పట్టరాని బాధ ఎక్కడంటే, ఆ రెండో స్ట్రిప్పు ఎవరికీ అవసరం లేదు. వాపుకి ఆ మందు పనిలేదు. సిప్రోకీ పనిలేదు. పెద్దవాళ్ళ నీళ్ళ విరేచనాలు చాలా వరకు ఓఆర్‌ఎస్‌తో, రెండు మూడు రోజుల ఓపికతో వాటంతటవే తగ్గుతాయి.

అసలు ఇది ఆస్పత్రి జబ్బని నేననుకోవడం కూడా పాత మాటే. అమెరికాలో 2011లో 4,53,000 మందికి సీ డిఫ్ వచ్చిందని, నెల లోపు 29,000 మంది చనిపోయారని అంచనా వేశారు. అందులో మూడో వంతుకి పైగా, దాదాపు 1,60,000, ఆస్పత్రిలో పడుకోకుండా బయట వచ్చినవే. అంతకు ముందటి పన్నెండు వారాల్లో ఒక్క రాత్రి కూడా ఆస్పత్రిలో లేనివాళ్ళనే ఆ లెక్కలోకి తీసుకుంటారు. అక్కడే బయట వచ్చిన 984 కేసులు విడిగా చూస్తే 36 శాతం మంది ఆ పన్నెండు వారాల్లో యాంటీబయాటిక్ వాడనే లేదు. వాడనివాళ్ళలో దాదాపు మూడో వంతు మంది గ్యాస్ బిళ్ళ వాడుతున్నారు. పాంటోప్రజోల్ లాంటి మందులకీ ఈ విరేచనాలకీ సంబంధం ఉండొచ్చని 2012లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పిన్ని మూడేళ్ళుగా వేసుకుంటున్న ఆ బిళ్ళని డాక్టరమ్మ మొదటి రోజే ఆపించారు. ఇప్పటికీ మళ్ళీ మొదలుపెట్టలేదు. రాత్రిళ్ళు బజ్జీలు మానేసింది, అంతే. గ్యాస్ లేదు.

వైద్యం కూడా నాకు కొత్త పాఠమే. సెఫ్ట్రియాక్సోన్ ఆపేశారు. వాంకోమైసిన్ నోటి ద్వారా, 125 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు, పది రోజులు. మామూలుగా వాంకోమైసిన్ అంటే సెలైన్‌లో ఎక్కించే మందు. అలా రక్తంలోకి ఎక్కిస్తే పెద్దపేగులోకి రాదు, ఈ జబ్బుకి పనికిరాదు. నోటితో తాగితే రక్తంలోకి దాదాపు వెళ్ళదు, ఉన్నదంతా పేగులోకే పోతుంది. క్యాప్సూళ్ళు వెంటనే దొరకలేదు. అయిదు వందల మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వయల్ తీసుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు పది మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్ళలో కలిపి, రెండున్నర మిల్లీలీటర్ల చొప్పున సిరంజితో తీసి, గ్లాసులో కొంచెం మంచినీళ్ళలో వేసి తాగించేవాణ్ణి. వయల్‌కి నాలుగు మోతాదులు, అంటే రోజుకి ఒక వయల్. మిగిలింది ఫ్రిజ్‌లో. డిశ్చార్జయ్యాక మిగతా రోజులు పొద్దున్నే వేల్పూరు వెళ్ళి కలిపి వచ్చేవాణ్ణి. చేదుకి పిన్ని మొహం ముడుచుకునేది. ఒక పటికబెల్లం ముక్క చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చునేది.

నాలుగో రోజుకి గింజలు ఆరయ్యాయి. ఏడో రోజుకి రెండు.

ఇంట్లో శుభ్రం గురించి డాక్టరమ్మ చెప్పింది ప్రతి ఇంటికీ తెలియాల్సింది. కోవిడ్ రోజుల నుంచి మనందరి ఇళ్ళలో శానిటైజర్ సీసాలున్నాయి. సీ డిఫ్ విత్తనాలని శానిటైజర్ చంపలేదు. సబ్బు పెట్టి, ధారగా నీళ్ళు పోసుకుంటూ బాగా రుద్ది కడుక్కోవాలి. అప్పుడు అవి చావవు, చేతి మీంచి జారి పోతాయి. మరుగుదొడ్డికి, గడియకి, చెంబుకి, పంపు తిప్పే చోటకి బ్లీచింగ్ వాడాలి. మామూలు ఫినాయిల్‌ని నమ్ముకోకూడదన్నారు. పంచాయతీ వాళ్ళు వానాకాలంలో కాలవల పక్కన చల్లుతారే, ఆ బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కలిపి మా మరదలు రోజూ రెండుపూటలా దొడ్డి కడిగేది. చేతులు పొక్కిపోతే రబ్బరు తొడుగులు పట్టుకెళ్ళి ఇచ్చాను. ఇంట్లో ఎనిమిది నెలల చంటివాడు, పిన్ని మునిమనవడు ఉన్నాడు. వాణ్ణి ఎత్తుకోకుండా ఆవిడ ఉన్న ఆ నెలరోజులు మందు చేదు కంటే ఎక్కువ బాధ పెట్టాయి.

పది రోజుల కోర్సు అయిపోయింది. ఉగాది వచ్చింది. పిన్ని లేచి వేపపువ్వు తనే ఏరింది. ఇంక అయిపోయిందనుకున్నాం.

పచ్చడి తిన్న అయిదో రోజున మళ్ళీ ఫోన్. కోడలు ఏమీ చెప్పలేదు. “బావగారూ, గిన్నె మళ్ళీ తీశారు” అంది.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఇది తిరగబెట్టే జబ్బు. మొదటిసారి నయమైనవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి మళ్ళీ వస్తుంది. ఎందుకంటే వాంకోమైసిన్ కూడా యాంటీబయాటిక్కే. మొలిచిన తుంగని కొడుతుంది గానీ, చేనుని తిరిగి నాటదు. వరి దుబ్బు కట్టేదాకా కింద గడ్డలు అలాగే ఉంటాయి. ఈసారి వాంకోమైసిన్‌ని ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు. రోజుకి నాలుగు, తర్వాత రెండు, తర్వాత ఒకటి, ఆ తర్వాత రెండు మూడు రోజులకొకటి. వైశాఖం దాటేదాకా సాగింది. మళ్ళీ తిరగబెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని పేగులోకి ఎక్కించే వైద్యం ఉందని డాక్టరమ్మ చెప్పారు. నెదర్లాండ్స్‌లో ఇలా తిరగబెట్టినవాళ్ళకి 16 మందికి చేస్తే మొదటిసారికే 13 మందికి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఆ అధ్యయనాన్ని ముందే ఆపేశారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. పిన్నికి చెబితే కోపం వస్తుందనుకున్నాను. “పక్క చేల్లో నారు తెచ్చి మన చేలో వెయ్యడమే కదరా” అంది. అంతదాకా రాలేదు. ఆ తగ్గింపు కోర్సుతోనే నిలబడింది. తొమ్మిది కిలోలు తగ్గింది, అందులో సగం తిరిగి వచ్చింది. 

పన్ను డాక్టరుని నేను తప్పు పట్టడం లేదు. పెన్సిలిన్ పడదని చెప్పిన మనిషికి ఆయన రాసింది మన వైపు చాలామంది రాసేదే. కానీ ఒక మాట తెలిసుంటే బాగుండేది. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్ళని పరీక్షించి చూస్తే పది మందిలో తొమ్మిదిమందికి ఆ అలర్జీ ఉండదు. చిన్నప్పటి దద్దుర్లు వేరే జ్వరంవల్ల వచ్చినవి కావొచ్చు, నిజంగా అలర్జీ ఉన్నా ఏళ్ళు గడిచేకొద్దీ పోయిందీ కావొచ్చు. మా అమ్మమ్మ అరవై ఏళ్ళ కిందట అన్న మాట, ఎవరూ పరీక్షించకుండా, పిన్ని నోటి మీదుగా వచ్చి ఆ చీటీ మీద మందు మార్చేసింది. గుండె జబ్బులున్నవాళ్ళకి పంటి వైద్యానికి ముందు ఇచ్చే మోతాదుకి కూడా క్లిండామైసిన్ వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో చెప్పేసింది. కారణం ఈ జబ్బే. మీ ఇంట్లో ఎవరికైనా ‘పెన్సిలిన్ పడదు’ అనే మాట ఉంటే, అలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోండి. ఇంట్లో కూర్చుని మాత్ర వేసుకుని చూడటం మాత్రం వద్దు. నిజంగా ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదికి తెస్తుంది.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి. చీటీ లేకుండా వాడొద్దని ఆ గీత అర్థం. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో దాని గురించి ప్రచారం కూడా చేసింది. 2014 మార్చి నుంచి, మరింత కట్టుదిట్టంగా అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 జాబితా మందులకి వేరే రిజిస్టరు రాస్తున్నాం. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్ళు దాచాలి. నా రిజిస్టరు ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా చూపించేలా ఉంటుంది. సెఫిక్సిమ్ అందులో ఉంటుంది. పిన్నికి నేనిచ్చిన రెండు యాంటీబయాటిక్కులూ అందులోకి ఎక్కేవి కావు. అవి ఉత్త షెడ్యూల్ హెచ్. చీటీ వాటికీ కావాలి, కానీ ఆ వేరే రిజిస్టరులో రాయక్కర్లేదు. ఆ రిజిస్టరు లేని చోట నా చెయ్యి వదులైంది. ఇరవై రెండేళ్ళలో ఇలా ఎన్ని స్ట్రిప్పులు కౌంటరు దాటాయో, వాళ్ళలో ఎవరెవరికి మోషన్లు పట్టుకుంటే మళ్ళీ నా దగ్గరికే వచ్చి సిప్రో పట్టుకెళ్ళారో ఆలోచిస్తే రాత్రి నిద్ర పట్టదు. ఎవరూ పరీక్ష చేయించలేదు. మలాన్ని ఈ జబ్బుకి పరీక్షించాలన్న ఆలోచనే మా వైపు లేదు.

ఇప్పుడు మోషన్లని ఎవరొచ్చినా నా నోట్లోంచి ముందు వచ్చేది డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే. గత మూడు నెలల్లో జ్వరానికి గానీ, పంటికి గానీ, మూత్రంలో మంటకి గానీ, పుండుకి గానీ కోర్సు ఏదైనా వాడారా? ముప్పు ఎక్కువగా ఉండేది మందు వాడుతున్నప్పుడు, ఆపిన నెల లోపు. కానీ మూడు నెలల దాకా ఉంటుంది. అంత వెనక్కి ఎవరికీ గుర్తుండదు. నేనే అడుగుతాను, సంక్రాంతికి ముందా తర్వాతా, కోతలప్పుడా అని. వాడామని చెప్పి, రోజుకి మూడుసార్లకి మించి నీళ్ళలా అవుతుంటే, ఓఆర్‌ఎస్ మాత్రమే ఇచ్చి డాక్టరు దగ్గరికి పంపుతాను. సిప్రో, లోపెరమైడ్ ఇవ్వను. ఒంట్లో నీరసం, జ్వరం, పొట్ట ఉబ్బు, రక్తం ఏది ఉన్నా ఆ రోజే వెళ్ళమంటాను.

బేరం పోతోంది. మా ఎదుటి వరసలో రెండు షాపులున్నాయి, వాళ్ళు అడిగింది ఇస్తారు. మా ఆవిడ మొదటి నెల లెక్కలు చూసి ఏమీ అనలేదు. రెండో నెల, “పిన్ని గారు ఎలా ఉన్నారో కనుక్కున్నారా?” అని మాత్రం అంది.

మొన్న శనివారం రైస్‌మిల్లులో పనిచేసే ఒకాయన వచ్చాడు. వాళ్ళమ్మకి మూడు రోజులుగా మోషన్లట. “అదేనండీ, ఎప్పుడూ ఇస్తారు కదా, సిప్రో ఒక అట్ట ఇవ్వండి” అన్నాడు. అడిగాను. చాలాసేపు ఆలోచించి, పదిహేను రోజుల కిందట మూత్రంలో మంటని సెఫిక్సిమ్ వాడిందని చెప్పాడు. ఎవరు రాశారంటే, ఎవరూ రాయలేదు, పాతది ఇంట్లో ఉంటే వేసిందట. ఇవ్వనన్నాను. మొహం ఎర్రబడింది. “మీరే కదండీ పోయినేడు ఇచ్చింది” అన్నాడు. అవునండీ, నేనే ఇచ్చాను, ఇవ్వకూడదు అన్నాను.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు కౌంటరు మీద పెట్టాను. బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాశాను: ‘సెఫిక్సిమ్ వాడిన పదిహేను రోజులకి నీళ్ళ విరేచనాలు, మూడు రోజులు, రోజుకి ఎనిమిదిసార్లు. సీ డిఫ్ పరీక్ష అవసరమేమో చూడండి.’ డాక్టరుకి ఇదొక్కటి చూపించండి, ఇంకేం చెప్పక్కర్లేదన్నాను.

ఆయన డబ్బులిచ్చి, కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగి, మోటారుసైకిలు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత రోడ్డు దాటి ఎదుటి వరసకి వెళ్ళాడు. ఏ షాపులోకి వెళ్ళాడో, అసలు వెళ్ళాడో లేదో లారీ ఒకటి అడ్డొచ్చి కనబడలేదు.